రాసిందొకరు, సంతకం ఇంకొకరిది: అమెరికా రాజకీయ పుస్తకాల సేకరణ గురించి

(ఉత్తర వర్జీనియాలో తెలుగువాళ్ల సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా అండీ? సరే.

ఈ బల్ల మీద ఉన్నవాటిలో అన్నిటికంటే బక్కగా, అన్నిటికంటే అనాకారిగా ఉన్న పుస్తకాన్ని ముందు చూపిస్తాను. ఇదిగో. పేపర్‌బ్యాక్. వంద పేజీలు దాటి కాస్త ఉంటుంది. పేరు 'రిఫ్లెక్షన్స్ ఆఫ్ ఎ పబ్లిక్ మ్యాన్'. రచయిత జిమ్ రైట్, టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ నుంచి కాంగ్రెస్‌కి ఎన్నికైన డెమోక్రాట్. 1984లో అచ్చయింది. వెల ఆరు డాలర్లకు ఐదు సెంట్లు తక్కువ. లోపల పాత ప్రసంగాల ముక్కలు, చిన్నచిన్న జ్ఞాపకాలు, కొన్ని హితోక్తులు. చదవకపోతే మీకేమీ నష్టం లేదు. కానీ అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్‌ని కుర్చీ దింపిన పుస్తకం ఇది.

ఎలాగంటారా? అప్పట్లో సభ్యులు బయట ప్రసంగాలు చేసి పుచ్చుకునే పారితోషికానికి ఒక హద్దు ఉండేది. పుస్తకాల రాయల్టీకి ఆ హద్దు లేదు. మామూలు రచయితకి పది, పదిహేను శాతం రాయల్టీ వస్తే పండగే. ఈయనకి ఈ పుస్తకం మీద 55 శాతం! దాంతో ప్రసంగానికి పిలిచిన సంఘాలవాళ్లు ఫీజు ఇవ్వడానికి బదులు పుస్తకాలు కట్టలకొద్దీ కొనడం మొదలుపెట్టారు. ఆయన 1987లో స్పీకర్ అయ్యాడు. మరుసటి ఏడు జార్జియా సభ్యుడు న్యూట్ గింగ్రిచ్ ఎథిక్స్ కమిటీకి ఫిర్యాదు పెట్టాడు. విచారణ సాగి సాగి, 1989 మే 31న రైట్ సభలో నిలబడి రాజీనామా ప్రకటించాడు. ఈ అర్థంలేని నరభక్షణ ఇక ఆగాలి అని ఆ రోజే అన్నాడు.

ఆగలేదనుకోండి. 1994 చివర్లో అదే గింగ్రిచ్ స్పీకర్ కాబోతుండగా హార్పర్‌కాలిన్స్ సంస్థ ఆయనకి 45 లక్షల డాలర్ల అడ్వాన్సు ఇస్తానంది. గగ్గోలు పుట్టింది. చివరికి ఒక్క డాలరు అడ్వాన్సు చాలని, 1995లో 'టు రిన్యూ అమెరికా' వేయించుకున్నాడు. మా ఇంట్లో ఈ రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆ ఇద్దరికీ ఇష్టం ఉండేది కాదేమో గానీ, నాకు మాత్రం చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

ఈ రైట్ పుస్తకం మీద ఆయన సంతకం కూడా ఉంది. నాకు ఇది కప్పు కాఫీ ఖరీదుకి దొరికింది. ఎందుకంత చవక? కట్టలకొద్దీ కొన్నవాళ్లు కట్టలకొద్దీ వదిలించుకున్నారు కాబట్టి. అంటే ఆ కుంభకోణం ఎలా నడిచిందో ఈ పుస్తకం తక్కువ ధరే చెబుతోంది. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి ఉదాహరణలు. రాజకీయ పుస్తకంలో వాదన ఒక ఎన్నికతో పాతబడిపోతుంది. ఆ తర్వాత ఆ ప్రతి ఒక సాక్షి అవుతుంది. ఎవరు రాశారు, ఎవరు డబ్బు పెట్టారు, ఎవరు కొన్నారు, ఎవరు చదవకుండా పడేశారు, ఇవన్నీ ప్రతి మీదే కనిపిస్తాయి. అందుకని సంతకం ఉందా అని కాదు, ఈ ప్రతి నాకు ఏం చెబుతోంది అని చూసి కొంటాను.

టోకున కొనడం ఆ రోజులతో పోలేదు. న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో కొన్ని పేర్ల పక్కన చిన్న కత్తి గుర్తు ఉంటుంది, చూశారా? టోకు ఆర్డర్లు వచ్చినట్టు దుకాణాలు చెప్పాయని దాని అర్థం. 2019లో డొనాల్డ్ ట్రంప్ జూనియర్ పుస్తకం 'ట్రిగర్డ్' పక్కన ఆ గుర్తు వచ్చింది. రిపబ్లికన్ జాతీయ కమిటీ లక్షకి కాస్త తక్కువ డాలర్లు పెట్టి ఆ పుస్తకాలు కొన్నట్టు తర్వాత ఎన్నికల సంఘం కాగితాల్లో బయటపడింది. చందాదారులకి పంచడానికట. అలాంటి పుస్తకాలు నాలుగేళ్లు తిరిగేసరికి పాత పుస్తకాల బల్లల మీద విప్పని పెళ్లి శుభలేఖల్లా కొత్తగా, నలగకుండా కనిపిస్తాయి. వెన్ను మీద మడత ఉండదు, పేజీ మీద వేలిముద్ర ఉండదు.

ఇప్పుడు సంతకం సంగతి. అందరూ ముందు దాని గురించే అడుగుతారు.

జాన్ కెనెడీ 'ప్రొఫైల్స్ ఇన్ కరేజ్' తీసుకోండి. 1956 జనవరిలో హార్పర్ అండ్ బ్రదర్స్ వేసింది. ఆయనప్పుడు సెనేటర్. 1957లో జీవిత చరిత్రల విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ డిసెంబరులోనే డ్రూ పియర్సన్ అనే కాలమిస్టు మైక్ వాలెస్ టీవీ కార్యక్రమంలో కూర్చుని, ఈ పుస్తకం వేరొకరు రాసిపెట్టారు అనేశాడు. కెనెడీ లాయర్లు దిగారు, ఆ కార్యక్రమం వేసిన ఏబీసీ టీవీ సంస్థ ఆ మాట వెనక్కి తీసుకుంది. యాభై ఏళ్ల తర్వాత, 2008లో, కెనెడీ సహాయకుడు టెడ్ సోరెన్సన్ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు, చాలా అధ్యాయాలకి మొదటి చిత్తుప్రతి తనదేనని.

సంతకం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. కెనెడీ సెనేట్ ఆఫీసులో కార్యదర్శులు ఆయన సంతకాన్ని అచ్చు గుద్దినట్టు పెట్టేవాళ్లు. పైగా యంత్రం కూడా వచ్చింది, ఆటోపెన్. నమూనా సంతకాన్ని ఒక అచ్చులోకి ఎక్కిస్తే, మరచేయి నిజం పెన్నుతో, నిజం సిరాతో అదే సంతకం ఎన్నిసార్లయినా గీస్తుంది. చార్ల్స్ హామిల్టన్ అనే సంతకాల వ్యాపారి 1965లో కెనెడీ ఆటోపెన్ నమూనాలన్నీ పోగుచేసి ఒక పుస్తకమే వేశాడు. ఇక లెక్క చూసుకోండి. రాసిందొకరు, సంతకం పెట్టింది ఇంకొకరు లేదా ఒక యంత్రం, అట్ట మీద పేరు మాత్రం మూడో మనిషిది. ఆ పుస్తకం విషయమేమో, ధైర్యంగా తమ మాట మీద నిలబడ్డ సెనేటర్లు!

(నవ్వులు)

ఆటోపెన్‌ని గుర్తుపట్టడం ఎలా? భూతద్దం పట్టుకోండి. మనిషి చేయి కాగితం మీద వాలేటప్పుడే కదులుతూ ఉంటుంది, లేచేటప్పుడూ కదులుతూనే లేస్తుంది. అందుకని గీత మొదలు, చివర సన్నబడతాయి. యంత్రం అలా కాదు, పెన్ను దించుతుంది, ఆపైన కదులుతుంది. మొదట్లో ఒక చుక్క, చివర ఒక చుక్క పడతాయి. మధ్యలో ఒత్తిడి ఒకే తీరు. నున్నగా తిరగాల్సిన వంపులో చిన్న వణుకు. అన్నిటికంటే గట్టి పరీక్ష ఏమిటంటే, అదే మనిషి సంతకాలు ఇంకో రెండు మూడు దొరకబుచ్చుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. గీతకి గీత సరిగ్గా కూర్చుంటే అది యంత్రమే. మీరు మీ బ్యాంకు చెక్కు మీద ఒకేలా రెండు సంతకాలు పెట్టగలరేమో ఇంటికెళ్లి చూసుకోండి.

ఈ యంత్రం రాజకీయాల్లో ఎంతదాకా వచ్చిందంటే, 2011 మేలో ఒబామా ఫ్రాన్స్‌లో ఉండగా పేట్రియాట్ చట్టంలో కొన్ని నిఘా సెక్షన్ల గడువు ముగుస్తుంటే ఇక్కడ వాషింగ్టన్‌లో ఆటోపెన్‌తో బిల్లు మీద సంతకం పెట్టించారు. 2025లో ట్రంప్ శ్వేతసౌధంలో అధ్యక్షుల చిత్రాలు వరసగా పెట్టించి, బైడెన్ బొమ్మ ఉండాల్సిన చోట ఆటోపెన్ ఫొటో తగిలించాడు. మేం సేకరణవాళ్లం అరవై ఏళ్లుగా తిట్టుకుంటున్న యంత్రం అప్పటికి గాని గోడెక్కలేదు.

ప్రచురణకర్త అమ్మాడు కదా, మోసం ఉండదులే అనుకోకండి. రాజకీయాల పుస్తకం కాదు గానీ చెప్పాలి. 2022లో బాబ్ డిలన్ కొత్త పుస్తకం, చేత్తో సంతకం చేసినవి 900 ప్రతులు, ఒక్కోటి 599 డాలర్లకి అమ్మారు. కొన్నవాళ్లు ఇంటర్నెట్‌లో తమ ప్రతుల ఫొటోలు పెట్టి పోల్చుకున్నారు. యంత్రం దొరికిపోయింది. ప్రచురణ సంస్థ క్షమాపణ చెప్పి అందరికీ డబ్బు వెనక్కిచ్చింది. ప్రతి పుస్తకంతోనూ ఇది అసలు సంతకమే అని సంస్థ ఇచ్చిన పత్రం కూడా ఉంది మరి!

చేత్తోనే పెట్టినా అన్ని సంతకాలూ ఒకటి కావు. ఇప్పుడు పెద్ద నాయకుల పుస్తకాలకి ఎక్కువగా జరిగేది ఇది: విడి కాగితాలు పెట్టెలకొద్దీ ఇంటికి వస్తాయి, ఆయన టీవీ చూస్తూ సంతకాలు పెడతాడు, ఆ కాగితాల్ని తర్వాత పుస్తకంలో కుట్టేస్తారు. సంతకం పెట్టినప్పుడు ఆ చేతికింద పుస్తకమే లేదు! ఒబామా 'ఎ ప్రామిస్డ్ ల్యాండ్' 2020 నవంబరులో వచ్చినప్పుడు సంతకంతో ప్రత్యేక ప్రతి 350 డాలర్లు. 2021లో ట్రంప్ వేయించిన ఫొటోల పుస్తకం 'అవర్ జర్నీ టుగెదర్' మామూలుది దాదాపు 75 డాలర్లు, సంతకంతో దాదాపు 230. కొనుక్కోండి, కాదనను. కానీ అది సేకరణ కాదు, షాపింగ్. ఇంకా కిందిది బుక్‌ప్లేట్, అంటే సంతకం పెట్టిన స్టిక్కర్. దాన్ని ఏ పుస్తకంలోనైనా అంటించుకోవచ్చు.

జిమ్మీ కార్టర్ సంగతి వేరు. ముప్పైకి పైగా పుస్తకాలు రాశాడు, ప్రతి పుస్తకానికీ ఊరూరా దుకాణాలకి వెళ్లి వరసలో నిలబడ్డవాళ్లందరికీ పెట్టాడు. తల ఎత్తి ఒక నవ్వు, తల దించి ఒక గీత, పుస్తకం అవతలికి. మీ పేరు రాయమంటే కుదిరేది కాదు. రానురాను పేరు కూడా కుదించేసి 'జె కార్టర్' అయింది. మాజీ అధ్యక్షుల్లో అందరికంటే అందుబాటు ధరలో దొరికే నిజమైన సంతకం ఆయనదే. నూరేళ్లు నిండి, 2024 డిసెంబరు 29న పోయాడు. ఆయన పోయిన ఆ వారంలో ధరలు పైకి ఎగిరాయి. అలాంటి వారాల్లో కొనకండి. ఎన్నివేల ప్రతులు అల్మారాల్లో ఉన్నాయో ఆలోచించండి.

కార్టర్‌వే కొనాలనుకుంటే 1975లో వచ్చిన 'వై నాట్ ద బెస్ట్?' మొదటి ముద్రణ కోసం వెతకండి. నాష్‌విల్‌లో బ్రాడ్‌మన్ ప్రెస్ వేసింది. అది సదరన్ బాప్టిస్టుల ప్రచురణ సంస్థ. న్యూయార్క్ పెద్ద సంస్థల పేరు కాక చర్చివాళ్ల ముద్ర ఎందుకుంది? జార్జియా మాజీ గవర్నరు అధ్యక్షుడవుతానంటే, జిమ్మీ ఎవరు అని జనం నవ్వుతున్న రోజులు కాబట్టి. మొత్తం 1976 ఎన్నిక ఆ టైటిల్ పేజీ అడుగున ఒక్క పంక్తిలో ఉంది.

గొప్పవాళ్లు కాకముందు అచ్చయిన పుస్తకాలంటే నాకు ఎక్కువ మక్కువ. ఒబామా 'డ్రీమ్స్ ఫ్రమ్ మై ఫాదర్' 1995లో టైమ్స్ బుక్స్ వేసినప్పుడు ఆయన షికాగోలో ఒక లాయరు, హార్వర్డ్ లా రివ్యూకి మొదటి నల్లజాతి అధ్యక్షుడిగా కొంచెం పేరు. కొద్దిగానే అచ్చు వేశారు, కొద్దిగానే అమ్ముడైంది, ఆగిపోయింది. 2004 జూలైలో బోస్టన్‌లో డెమోక్రాట్ల సభలో ఆ ప్రసంగం చేశాక మళ్లీ పేపర్‌బ్యాక్‌గా వేస్తే అప్పుడు దేశమంతా కొంది. 1995 ప్రతి, అట్ట మీద తొడిగే కాగితం జాకెట్‌తో, సంతకంతో ఉంటే ఇవాళ వేల డాలర్లు. నా దగ్గర లేదు, అటు చూడకండి.

(నవ్వులు)

మొదటి ముద్రణ అని ఎలా తెలుస్తుంది? కాపీరైట్ పేజీలో అడుగున అంకెల వరస ఉంటుంది. అందులో అతి చిన్న అంకె ఏదో అది ఎన్నో ముద్రణో చెబుతుంది. ఒకటి ఉంటే మొదటిది. కానీ ర్యాండమ్ హౌస్ వాళ్లకి చాలాకాలం ఒక వింత అలవాటు ఉండేది. మొదటి ముద్రణలో వరస రెండుతో మొదలయ్యేది, పక్కన 'ఫస్ట్ ఎడిషన్' అని ఉండేది. రెండో ముద్రణకి ఆ మాట తీసేసేవాళ్లు, అంతే. టైమ్స్ బుక్స్ అప్పుడు ర్యాండమ్ హౌస్‌దే. ఇది తెలియక ఒకటి లేదు కదా అని బంగారంలాంటి ప్రతుల్ని బల్ల మీదే వదిలేసి వెళ్లినవాళ్లున్నారు. హార్పర్‌వాళ్లు ఇంకో దారి, అక్షరాలు. కెనెడీ పుస్తకం మొదటి ముద్రణలో 'ఎం-ఈ' అని ఉంటుంది. మొదటి అక్షరం నెల. జె వదిలేసి లెక్కపెడితే ఎం పన్నెండోది, డిసెంబరు. ఈ అంటే 1955. పుస్తకం బజారులోకి వచ్చింది జనవరిలో, అచ్చు యంత్రం దిగింది అంతకు ముందు నెలలో.

బుక్ క్లబ్ ప్రతులతో, అంటే క్లబ్బులు తమ సభ్యుల కోసం విడిగా వేయించిన వాటితో జాగ్రత్త. జాకెట్ లోపలి మడత మీద వెల ఉండదు, వెనక అట్ట మూలన చిన్న నొక్కు ఉంటుంది, వేలితో తడిమితే తగులుతుంది. రిమైండర్ అంటే అమ్ముడుపోక తెగనమ్మిన ప్రతి, దానికి అడుగు అంచున నల్ల మార్కరు గీత. రాజకీయ పుస్తకాలకి ఆ గీత తిలకం లాంటిదే, చాలావాటికి ఉంటుంది. సంతకం ఉంటే నేను ఆ గీతని పట్టించుకోను.

ధరల మాట వచ్చింది కాబట్టి మనవాళ్ల సంగతి కూడా. జె.డి. వాన్స్ 'హిల్‌బిల్లీ ఎలిజీ' 2016 జూన్‌లో వచ్చింది. ఆయన భార్య ఉషా చిలుకూరి మన తెలుగింటి పిల్లే, ఆ పుస్తకంలో ఆమె ఉంది. 2024 జూలైలో ఆయన్ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించగానే పుస్తకం అమెజాన్‌లో పైకెక్కి కూర్చుంది. ఆ వారం మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా మొదటి ముద్రణ ఎక్కడ దొరుకుతుంది అని ఒకటే సందేశాలు. ఆ పుస్తకం లక్షల్లో అచ్చయింది అండీ. మొదటి ముద్రణ వేరు మాటే గానీ, ప్రకటన రోజున కొనడమంటే అమ్మేవాడికి పండగ చేయడమే.

నేను కొనేది ఓడిపోయినవాళ్లవి. ఎవరూ అడగరు కాబట్టి చవక, తర్వాత ఏం జరగబోతోందో వాటిలోనే కనిపిస్తుంది కాబట్టి విలువ. 1964 చూడండి. రిపబ్లికన్ అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేతిలో చిత్తుగా ఓడాడు, ఆరు రాష్ట్రాలే దక్కాయి. ఆయన పేరుతో 1960లో 'ద కాన్షెన్స్ ఆఫ్ ఎ కన్సర్వేటివ్' వచ్చింది. నిజానికి రాసింది బ్రెంట్ బోజెల్. వేసింది కెంటకీలో షెపర్డ్స్‌విల్ అనే చిన్న ఊళ్లో విక్టర్ పబ్లిషింగ్. ఎన్నిక ఏడాది ఇంకో మూడు చిన్న పేపర్‌బ్యాక్‌లు దేశం మీద పడ్డాయి. ఫిలిస్ ష్లాఫ్లీ 'ఎ చాయిస్ నాట్ యాన్ ఎకో' ఇలినాయ్‌లో ఆల్టన్ నుంచి. జాన్ స్టార్మర్ 'నన్ డేర్ కాల్ ఇట్ ట్రీజన్' మిసోరీలో ఫ్లోరిసెంట్ నుంచి. జె. ఎవెట్స్ హేలీ 'ఎ టెక్సన్ లుక్స్ ఎట్ లిండన్' టెక్సాస్‌లో కెన్యన్ నుంచి. మూడూ సొంత ముద్రణలే. న్యూయార్క్ ప్రచురణకర్తలు లేరు, పెద్ద పత్రికల సమీక్షలు లేవు. అభిమానులే వందలకొద్దీ కొని, గుమ్మం గుమ్మానికీ తిరిగి పంచారు. లక్షల్లో వెళ్లాయి.

అన్ని లక్షలు అచ్చయితే ఎక్కడ పడితే అక్కడ దొరకాలి కదా? నలిగిపోయినవి దొరుకుతాయి. శుభ్రమైనది దొరకడం కష్టం. కాగితం చవకరకం, గోధుమరంగు తిరిగి పెళుసెక్కిపోతుంది, జిగురు ఎండి పేజీలు రాలిపోతాయి. ఎవరూ దాచుకోలేదు, దాచుకోవడానికి కాదు కదా పంచింది. ఈ ప్రతి చూడండి, వెనక అట్ట మీద ఎవరో రాసుకున్నారు, పెన్సిల్‌తో: కొన్ని ఇంటి నంబర్లు, కొన్నిటి పక్కన టిక్కు, రెండిటి పక్కన 'కుక్క' అని. గుమ్మాలు తిరిగిన కార్యకర్త ప్రతి ఇది! ఓడిన ఆ ఎన్నికలోంచే పదహారేళ్లకి రీగన్ వచ్చాడని చరిత్రకారులు పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు. ఆ పని ఎవరు చేశారో, ఏ కుక్కల్ని తప్పించుకుంటూ చేశారో మాత్రం ఇక్కడుంది.

ఇలాంటిదే ఇంకొకటి. 'ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్', వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్‌లది, సైమన్ అండ్ షుస్టర్, 1974 జూన్. అధ్యక్షుడు నిక్సన్‌ని దింపిన వాటర్‌గేట్ కుంభకోణం గురించి చెప్పక్కర్లేదు, దాన్ని తవ్వి తీసిన విలేకరులు వీళ్లిద్దరూ. పుస్తకం వచ్చేనాటికి నిక్సన్ ఇంకా గద్దె మీదే ఉన్నాడు. అందుకని పుస్తకం ఆఖరి పేజీలో ఆయన ప్రసంగం మాటలున్నాయి, ప్రజలు అప్పగించిన పనిని వదిలి వెళ్లే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు అని. ఈ ప్రతి నాకు లైబ్రరీ అమ్మకంలో దొరికింది. రచయితల సంతకాలు లేవు. జాకెట్ చిరిగింది. కానీ ఆఖరి పేజీలో ఆ వాక్యం కింద పాత యజమాని పెన్సిల్‌తో ఒక గీత గీసి, రెండే మాటలు రాసుకున్నారు: 'వెళ్లాడు. ఆగస్టు 9.' ఇద్దరు రచయితల సంతకాలున్న ప్రతి ఇస్తాను, మారుస్తావా అంటే మార్చను.

ఆ నిక్సనే 1978లో ఆత్మకథ వేస్తే, దొంగల పుస్తకాలు కొనకండి అని ఒక ఉద్యమమే నడిచింది, బ్యాడ్జీలు, టీషర్టులు. ఆ బ్యాడ్జీ గుచ్చిన పుస్తకం ఎక్కడైనా కనిపిస్తే నాకు ఫోన్ చేయండి.

ఇక వాషింగ్టన్ పాత పుస్తకాలకి ఒక ప్రత్యేకత ఉంది. ఈ ఊళ్లో పుస్తకాన్ని వెనకనుంచి చదువుతారు. ముందు ఇండెక్స్‌లో తన పేరు ఉందో లేదో, ఉంటే ఎన్ని పేజీల్లో ఉందో. డుపాంట్ సర్కిల్ దగ్గరా, కాపిటల్ హిల్ మీదా పాత పుస్తకాల దుకాణాల్లో చూడండి. ముందు పేజీలు కొత్తగా, ఇండెక్స్ మాత్రం చేతివేళ్ల జిడ్డుతో ఉంటాయి. రచయిత విలియం బక్లీ తన పుస్తకం ఒకటి తోటి రచయిత నార్మన్ మెయిలర్‌కి పంపుతూ, ఇండెక్స్‌లో మెయిలర్ పేరు పక్కన 'హాయ్!' అని రాసి పంపాడని చెప్పుకుంటారు. 1988 ఎన్నిక మీద రిచర్డ్ బెన్ క్రేమర్ 1992లో వేసిన 'వాట్ ఇట్ టేక్స్' వెయ్యి పేజీలు దాటిన పుస్తకం, బుష్, డోల్, బైడెన్, హార్ట్, డుకాకిస్, గెఫార్ట్, ఆరుగురి కథ. దానికి ఇండెక్స్ లేదు. కావాలనే పెట్టలేదు. కావాలంటే చదువుకోండి అని!

మనవైపు సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. హైదరాబాదులో చదువుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఉస్మానియా ఆవరణలో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ గుర్తుందా? నేను మొదట అమెరికా రాజకీయ పుస్తకాలు చేత్తో పట్టుకుంది అక్కడే. చల్లటి గది, ఎవరూ వెళ్లగొట్టేవాళ్లు కాదు. నా సేకరణలో భారతదేశానికి సంబంధించిన మూల ఒకటి ఉంది. ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన గాల్‌బ్రెయిత్ 'అంబాసిడర్స్ జర్నల్', 1969ది. 1962 చైనా యుద్ధం రోజుల డైరీ అందులో ఉంది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దుమ్ములోంచి తీసుకున్నాను. డేనియల్ మోయినిహాన్ 1973 నుంచి 75 దాకా ఢిల్లీలో రాయబారి. ఆయన 1978లో 'ఎ డేంజరస్ ప్లేస్' రాసి, అమెరికా రెండుసార్లు కాంగ్రెస్ పార్టీకి డబ్బిచ్చిందని అందులో పెట్టాడు. ఢిల్లీలో ఎంత దుమారమో ఊహించుకోండి.

ఇంకొకటి విలేకరి సేమూర్ హెర్ష్ 'ద ప్రైస్ ఆఫ్ పవర్', 1983. అసలు నిక్సన్ విదేశాంగ మంత్రి కిసింజర్ మీద పుస్తకం. అందులో మొరార్జీ దేశాయ్ సీఐఏకి సమాచారం అందించేవాడని రాశాడు. పెద్దాయనకి ఒళ్లు మండిపోయింది. షికాగో కోర్టులో 5 కోట్ల డాలర్లకి పరువునష్టం దావా వేశాడు. కిసింజర్ వచ్చి, నాకు తెలిసి ఆయన అలాంటివాడు కాదు అని సాక్ష్యం చెప్పాడు. అయినా 1989లో జ్యూరీ హెర్ష్ వైపే తీర్పిచ్చింది. నా ప్రతిలో దేశాయ్ గురించిన పేజీల మధ్య ఎవరో ఆనాటి పత్రిక ముక్క పెట్టారు. పత్రిక కాగితంలో ఆమ్లం ఉంటుంది, ముప్పై ఏళ్లలో ఆ ముక్క ఆకారం రెండు పేజీల మీదా గోధుమరంగులో అచ్చుపడింది. అలాంటి ముక్కలు దొరికితే పారేయకండి, అలాగని లోపలే ఉంచకండి. ఏ పేజీల మధ్య ఉందో రాసుకుని, విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టండి. పీవీసీ కాదు, మైలార్ అనే పాలిస్టర్ కవరు. జాకెట్లకి కూడా అదే.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: సంతకం అసలుదే అని సర్టిఫికెట్ ఇస్తే కొనొచ్చాండీ?

సర్టిఫికెట్ కూడా కాగితమే కదండీ, దాన్నీ ప్రింటరే తీస్తుంది. ఇచ్చినవాడు ఎవరన్నది చూడండి. అబద్ధమని తేలితే డబ్బు వెనక్కిచ్చే దుకాణమా, అదీ ప్రశ్న. పాత పుస్తకాల వ్యాపారుల సంఘంలో సభ్యులైతే కాస్త నయం. అన్నిటికంటే, ఆ సంతకం ఆ పుస్తకంలోకి ఎలా వచ్చిందో కథ చెప్పగలగాలి. ఏ ఊళ్లో, ఏ సభలో, ఎవరికి. 'బిల్‌కి, కృతజ్ఞతలతో' అని రాసి ఉంటే మామూలు కొనుగోలుదారులు ముఖం చిట్లిస్తారు, ఎవడో బిల్ పేరు మాకెందుకని. నేను ఆ బిల్ ఎవరో వెతుకుతాను. ఒక సెనేటర్ ఆత్మకథలో అలాగే దొరికిన పేరు, వెతికితే, ఆయన కమిటీలోనే పనిచేసిన ఉద్యోగిదని తేలింది. పుస్తకంలో మూడు పేజీలు ఆ కమిటీ గురించే, ఆ మూడు పేజీల్లోనే పెన్సిల్ దిద్దుబాట్లు. తేదీ తప్పు, పేరు తప్పు, ఒకచోట 'ఇలా జరగలేదు' అని.

ప్రశ్న: ఎక్కడ మొదలుపెట్టమంటారు? బడ్జెట్ పెద్దగా లేదు.

మన కౌంటీ లైబ్రరీ పాత పుస్తకాల అమ్మకానికి వెళ్లండి. తలుపులు తీయగానే కొందరు ఫోన్లు పట్టుకుని పరిగెడతారు. వాళ్లు వ్యాపారులు, బార్‌కోడ్ స్కాన్ చేసి ధర చూసి బుట్టలో వేసుకుంటారు. వాళ్లతో పోటీపడకండి. 1980లకి ముందు పుస్తకాల మీద మామూలుగా బార్‌కోడ్ ఉండదు, కాబట్టి ఆ పాత బల్లల దగ్గర వాళ్లు ఆగరు. మీరు అక్కడ ఆగండి. సోషల్ సైన్స్ బల్ల కింద అట్టపెట్టెలు ఉంటాయి, వంగి చూడాలి. అట్ట తెరవండి, మొదటి తెల్లకాగితం చూడండి, కాపీరైట్ పేజీ చూడండి, తర్వాత ఇండెక్స్ చూడండి. మధ్యాహ్నం రెండు దాటాక సంచీ మొత్తం పది డాలర్లకి ఇచ్చేస్తారు. మోకాళ్ల నొప్పులుంటే చిన్న పీట ఒకటి తీసుకెళ్లండి.